పేజీ పెట్టడం సులువే, జవాబు చెప్పేదెవరు?

సోషల్ మీడియా వాడకం మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగా పిల్లల సంక్షేమం కోసం పనిచేసే సంస్థల నుంచే వచ్చాయి. చాలామంది "ఫాలోవర్లు ఎలా పెరుగుతారు?" అనే అడిగారు. వాటిని పక్కన పెట్టి, అంతకంటే పనికొచ్చే సంగతులు అడిగినవాళ్ల ఉత్తరాలు తీసుకున్నాను. ఇలాంటి సంస్థలో ప్రచారం, దాతలతో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే ఉద్యోగం చాలాకాలం చేశాను. అందుకే నా అభిప్రాయాలు కొంచెం గట్టిగా ఉంటాయి, సర్దుకోండి.

నమస్కారం మేడం. మాది చిన్న సంస్థ. తల్లిదండ్రుల అండ లేని పిల్లలకు వసతి, చదువు చూస్తాం. ట్రస్టీల్లో పెద్దవాళ్లు "మన పని మనం చేసుకుందాం, ఈ ఫేస్‌బుక్ గోల మనకెందుకు" అంటున్నారు. కొత్తగా చేరిన ట్రస్టీ ఒకాయన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.
— ఒక సంస్థ కార్యదర్శి

నమస్కారం సార్. పెద్దవాళ్ల భయాన్ని చాదస్తం అనుకోకండి, కొత్తాయన ఉత్సాహాన్ని తొందరపాటు అనుకోకండి. వచ్చే మీటింగ్‌లో ఇద్దరికీ చెరో కాగితం ఇవ్వండి. "మనం ఎవరితో మాట్లాడాలి? మన మాట విన్నాక వాళ్లు ఏం చేయాలి?" అన్నవాటికి జవాబు రాయమనండి. "అందరితో", "మనల్ని ప్రోత్సహించాలి" అని రాస్తే ఆ కాగితం తిరిగి ఇచ్చేయండి. "శనివారాలు వచ్చి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పగల కాలేజీ విద్యార్థులు కావాలి" అని ఎవరైనా రాస్తే, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ విద్యార్థులు ఎక్కడ ఉంటే మీ పేజీ అక్కడ ఉండాలి. మీకు కావలసింది పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని పెంచగల కుటుంబాలైతే వాళ్లు వేరేచోట ఉంటారు, వాళ్లతో మాట్లాడే తీరూ వేరే.

సంస్థలు సోషల్ మీడియాలోకి ఎందుకు వస్తాయి, వచ్చాక ఎంత వాడతాయి అన్నదాని మీద సియుంగాన్ నా, గ్రెగరీ శాక్స్‌టన్ అనే పరిశోధకులు అమెరికాలోని పెద్ద స్వచ్ఛంద సంస్థలను పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. సంస్థ ఎంచుకున్న దారి, దానికున్న శక్తి, పాలకవర్గం తీరు, బయటి నుంచి వచ్చే ఒత్తిడి, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయని వాళ్లు తేల్చారు. మీ ఉత్తరంలో ఒత్తిడి కనిపిస్తోంది, పాలకవర్గం కనిపిస్తోంది. శక్తి సంగతి మాత్రం ఎవరూ ఎత్తినట్టు లేదు. ఇన్‌బాక్స్‌లో మెసేజ్ వస్తే ఎవరు చూస్తారు? వార్డెనా? ఆవిడ పిల్లల జ్వరాలు చూడాలా, కామెంట్లు చూడాలా?

వారానికి నాలుగైదు గంటలు దీనికే కేటాయించగల మనిషి ఒకరుంటే ఒక్క పేజీ పెట్టండి. ఇప్పటికే ఉన్న దాతల కోసం విడిగా ఒక వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు చాలు. అంతకు మించి వద్దు. ఆ మనిషి కూడా లేకపోతే అసలు పెట్టకండి. సంస్థ పేరు వెతికిన దాతకు పేజీ కనబడకపోతే ఫోన్ చేస్తాడు. రెండేళ్ల కిందట ఆగిపోయిన పేజీ కనబడితే మూతపడిందనుకుంటాడు.

మొదటి పోస్టు కంటే ముందు ఒక పేజీలో నియమాలు రాసుకోండి. ఎవరు రాస్తారు, ఎవరు చూసి సరే అంటారు, ఏది ఎప్పటికీ పెట్టం, ఇన్‌బాక్స్ ఎవరిది, గొడవ వస్తే మాట్లాడేదెవరు. మీ పెద్ద ట్రస్టీలతోనే రాయించండి. తమ చేత్తో రాసిన నియమాలున్న పేజీని వాళ్లు అంత సులువుగా కాదనలేరు.

అక్కా, నేను ఒక హోమ్‌లో వాలంటీర్‌గా పేజీ చూస్తున్నాను. పిల్లల ముఖాలున్న ఫోటో పెడితే వందల్లో లైకులు. కొత్త లైబ్రరీ ఫోటో పెడితే పది కూడా రావు. మా వార్డెన్ ఆంటీ పిల్లల ఫోటోలే వద్దంటున్నారు. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోదా?
— డిగ్రీ విద్యార్థిని

సరిపోదమ్మా. నల్ల పట్టీ వేస్తే చూసేవాళ్లకు ఆ పిల్ల ఏదో నేరం చేసినట్టు అనిపిస్తుంది, అది ఒక పాపం. అసలు సంగతి వేరే. ఆ పట్టీ ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచే దాస్తుంది. హోమ్‌లో ఉన్న పిల్లకు ప్రమాదం చాలాసార్లు తెలిసినవాళ్ల నుంచి: కొట్టిన తండ్రి, ఎత్తుకుపోవాలని చూసిన బంధువు, క్లాసులో ఏడిపించే పిల్లలు. వాళ్లకు కళ్లు కనబడక్కర్లేదు. నుదుటి మీద మచ్చ, స్కూల్ యూనిఫాం, పక్కన నిలబడ్డ చెల్లెలు, వెనక గేటు మీద బోర్డు, ఇందులో ఏ ఒక్కటి చాలు. వీడియో అయితే గొంతు. ముఖం మొత్తం బ్లర్ చేసినా ఇవన్నీ మిగిలే ఉంటాయి.

ఫోన్‌తో తీసిన ఫోటోలో, సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా లోపల నమోదవుతుంది. పెద్ద యాప్‌లలో పోస్ట్ చేసినప్పుడు మామూలుగా ఆ సమాచారం చూసేవాళ్లకు వెళ్లదు. కానీ అదే ఫోటోను మెయిల్‌లోనో వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానో పంపితే ఉండిపోతుంది. కెమెరాలో లొకేషన్ ఆపేయండి. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్తే తిరిగి వచ్చాకే ఆ కబురు రాయండి, అక్కడ ఉండగా కాదు.

"పిల్లలే సరే అన్నారు" అని నువ్వు అనొచ్చు. అన్నం పెట్టేవాళ్లు, పడుకోవడానికి చోటిచ్చినవాళ్లు అడిగితే ఏ పిల్ల వద్దంటుంది? అందుకే మన దగ్గర ఉండే పిల్లల "ఊఁ"ను నేను సగమే లెక్కేస్తాను. సంరక్షకుల సంతకం చట్టానికి కావాలి, అది ఉన్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఐక్యరాజ్య సమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యత గురించి, 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు గురించి చెబుతాయి. ఆ ఒడంబడిక అమలు చూసే కమిటీ 2021లో డిజిటల్ ప్రపంచంలో పిల్లల హక్కుల మీద ప్రత్యేకంగా 25వ సాధారణ వ్యాఖ్య, అంటే ఒడంబడికను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే వివరణ, వెలువరించింది. ఈ రెండు హక్కులూ కలిపి చదువుకోవాలి. ఒకదాన్ని చూపించి పిల్లల్ని బజారుకెక్కించకూడదు, ఇంకోదాన్ని చూపించి వాళ్ల నోరు నొక్కకూడదు.

పిల్లల మీద రాసేవాళ్ల కోసం యునిసెఫ్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక జాబితా ఉంది. లైంగిక వేధింపులకు గురైనవాళ్లు, నేరారోపణ ఎదుర్కొంటున్నవాళ్లు, సాయుధ ముఠాల్లో ఉన్నవాళ్లు వంటి పిల్లల విషయంలో పేరు మార్చాలి, ఆనవాలు పట్టకుండా రూపం దాచాలి అని. మీ హోమ్‌లో ఏ పిల్ల వెనక ఏ కథ ఉందో వాలంటీర్‌గా నీకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వార్డెన్‌కు తెలుసు. ఆవిడ వద్దంటే కారణం అడగకుండా ఆగిపోవడం నీకు నేర్పగలిగిన మొదటి పాఠం.

మరి ఏం పెట్టాలి? పేజీ చూసేది పెద్దవాళ్లు. విరాళం ఇచ్చేది, వచ్చి పని చేసేది, పిల్లను తమ ఇంట్లో పెంచుకునేది పెద్దవాళ్లే. కాబట్టి పేజీ నిండా పెద్దవాళ్లను చూపించు. పొద్దున్నే లేచి అంతమందికి వండే మనిషి, పరీక్షల ముందు రాత్రి ఎనిమిదింటికి కూడా లెక్కలు చెబుతున్న ట్యూటర్, ఆసుపత్రికి తిప్పే డ్రైవర్. వాళ్లను వాళ్ల మాటల్లోనే, వాళ్ల అనుమతితో. పిల్లలు వేసిన బొమ్మలు పేరు లేకుండా, వాళ్లను అడిగి. విరిగిన బాత్రూం తలుపు, బాగు చేయించాక అదే తలుపు, దానికైన బిల్లు. లైకులు తక్కువ వస్తాయి, నిజమే. బిల్లు చూసినవాళ్లు డబ్బు పంపుతారు. ముఖం చూసినవాళ్లు హార్ట్ బొమ్మ పంపుతారు.

పిల్ల కథే చెప్పాలనిపిస్తే దానికీ దారులున్నాయి. 2014లో బ్రిటన్‌లోని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ సిరియా పిల్లల గురించి ఒక చిన్న వీడియో చేసింది. లండన్‌లో ఉండే ఒక పాప జీవితం రోజుకో సెకను చొప్పున మన కళ్ల ముందు యుద్ధంలో కూరుకుపోతుంది. నటించింది బాలనటి. సిరియా నుంచి ఒక్క పిల్ల ముఖం కూడా అందులో వాడలేదు. కోట్లమంది చూశారు. మీ దగ్గర అంత బడ్జెట్ ఉండదు, కానీ ఒక బొమ్మ, దాని మీద ఒక పెద్దావిడ గొంతు, ఇంతమాత్రం ఉండకపోదు. వెనక ఏడుపు వయొలిన్ మాత్రం పెట్టకు తల్లీ, నీకు పుణ్యముంటుంది.

నాకు ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. చిన్నప్పుడు కొన్నేళ్లు ఒక హోమ్‌లో ఉన్నాను. అక్కడివాళ్లు నన్ను బాగానే చూశారు. కానీ నాకు తొమ్మిదేళ్లప్పటి ఫోటో, మా అమ్మ గురించి రాసిన నాలుగు వాక్యాలతో సహా, ఇంకా వాళ్ల పేజీలో ఉంది. ఆఫీసులో ఒకరు అది చూసి నన్ను అడిగారు. తీసేయమని అడిగితే కృతజ్ఞత లేనిదాన్ని అవుతానా?

అవ్వరు. అన్నం పెట్టినందుకు కృతజ్ఞత వేరు, మీ అమ్మ కథ మీద హక్కు వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది ఎవరూ తీసుకోలేరు.

ఉత్తరం క్లుప్తంగా రాయండి. పోస్టు లింకు, తేదీ, "ఈ ఫోటో నాది, దీన్ని, దీంతో ఉన్న రాతను తొలగించండి, మీ దగ్గర ఉన్న కాపీలు ప్రచారానికి వాడకండి" అని. కారణం చెప్పనక్కర్లేదు. మెయిల్‌లోనే పంపండి, ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో అయితే వాళ్లు నొచ్చుకుంటారు, మీరు మెత్తబడతారు. వాళ్ల వెబ్‌సైట్, పాత వార్షిక నివేదికలు, యూట్యూబ్ కూడా వెతకండి. ఒకే ఫోటో చాలాచోట్ల వాడి ఉంటారు. స్పందన లేకపోతే ఆ యాప్‌లోనే గోప్యత ఉల్లంఘన కింద రిపోర్ట్ చేసే దారి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్, వ్యక్తిగత సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు ఇస్తుంది. చిన్నతనంలో, ప్రమాదాలు పూర్తిగా తెలియని వయసులో ఒప్పుకున్నవాళ్లకు ఆ హక్కు మరీ ముఖ్యమని దాని ఉపోద్ఘాతంలోనే రాశారు. మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు.

ఈ ఉత్తరం చదువుతున్న సంస్థల వాళ్లకు ఒక మాట: ఆవిడ అడిగేదాకా ఆగకండి. మీ దగ్గర నుంచి వెళ్లిపోయిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాది, వాళ్లున్న పోస్టులన్నీ వెతికి తీసేసే అలవాటు పెట్టుకోండి. ఉంచమని వాళ్లే అడిగితే అప్పుడు ఉంచొచ్చు.

మేడం, మా రీల్ ఒకటి వైరల్ అయింది. లక్షల్లో వ్యూస్. టీమంతా స్వీట్లు పంచుకున్నాం. నెల తర్వాత చూస్తే విరాళాలు మామూలే, కొత్త వాలంటీర్ ఒక్కరూ రాలేదు. ఎక్కడ పోయింది అంత స్పందన?
— ఒక సంస్థ ప్రచార విభాగం

ఎక్కడికీ పోలేదు. వచ్చిందే చూడటానికి, చూసి వెళ్లిపోయింది.

ఇలా జరిగింది మీకొక్కరికే కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయి సైనికులుగా మార్చిన ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ మీద ఇన్విజిబుల్ చిల్డ్రన్ అనే అమెరికన్ సంస్థ 2012 మార్చిలో ఒక వీడియో పెట్టింది. దాదాపు అరగంట నిడివి. ఆరు రోజుల్లో పది కోట్ల వ్యూస్. ఏప్రిల్ 20 రాత్రి అందరూ బయటికి వచ్చి తమ ఊళ్ల నిండా పోస్టర్లు అంటించాలని పిలుపునిచ్చారు. చాలాచోట్ల వచ్చినవాళ్లు అతి కొద్దిమంది. విషయాన్ని మరీ తేలిక చేసి చూపించారనీ, అక్కడి మనుషుల మాట వినిపించలేదనీ విమర్శలు మాత్రం గట్టిగా వచ్చాయి. కోనీ ఆ ఏడాది దొరకలేదు, ఆ తర్వాతా దొరకలేదు. మరుసటి ఏడాది స్వీడన్ యునిసెఫ్ ఇంకోలా చేసింది. మా పేజీని లైక్ చేస్తే పోలియో టీకా ఒక్క పిల్లకు కూడా అందదు, టీకాకు డబ్బు కావాలి అని ప్రకటన ఇచ్చింది. లైకుల కోసం అందరూ పరుగెడుతున్న రోజుల్లో అలా మొహం మీదే చెప్పడం నాకు భలే నచ్చింది.

క్రిస్టెన్ లవ్‌జాయ్, శాక్స్‌టన్ కలిసి 2012లో అమెరికాలోని పెద్ద స్వచ్ఛంద సంస్థల ట్వీట్లను మూడు రకాలుగా విడదీశారు: కబురు చెప్పేవి, మనుషులతో మాటా మాటా కలిపేవి, ఏదైనా చేయమని అడిగేవి. సగానికి పైగా కబుర్లే. చేయమని అడిగేవి అన్నింటికంటే తక్కువ. మీ పేజీలో ఈ మధ్య పెట్టిన పోస్టులన్నీ అలాగే మూడు కుప్పలు పోసి చూడండి. వైరల్ అయిన రీల్ ఏ కుప్పలో పడుతుంది? చివర్లో మీరు ఏమైనా అడిగారా? అడిగితే, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడికి రమ్మని చెప్పారా?

"మాతో చేయి కలపండి" అన్నది అడగడం కాదు. "ఆదివారం పది నుంచి పన్నెండు వరకు పుస్తకాలకు అట్టలు వేయడానికి ఆరుగురు కావాలి, వచ్చేవాళ్లు కింద రాయండి" అన్నది అడగడం. రాసిన ప్రతివాళ్లకీ పేరు పెట్టి జవాబివ్వండి. 2018లో ఫేస్‌బుక్ తన ఫీడ్‌ను మార్చి, మనుషుల మధ్య సంభాషణ రేపే పోస్టులకు ప్రాధాన్యం ఇస్తానంది. సంస్థల పోస్టులు కనబడటం తగ్గుతుందనీ అప్పుడే చెప్పింది. కాబట్టి మీరిచ్చే జవాబులు మర్యాద కోసమే కాదు, పోస్టు నలుగురికీ కనబడటానికీ పనికొస్తాయి. అలాగని "అవును అని కామెంట్ చేయండి, ట్యాగ్ చేయండి" లాంటి ఎరలు వేయకండి. అలాంటి పోస్టులను కిందికి తోసేస్తామని అదే కంపెనీ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది.

ఆదివారం అయ్యాక ఏం జరిగిందో రాయండి. ఎవరూ చేయని పని ఇదే. మార్చిలో బల్లల కోసం డబ్బు అడుగుతారు, బల్లలు వచ్చాయో లేదో డిసెంబర్ దాకా చెప్పరు. ఇచ్చినవాడికి అనుమానం రాదూ?

సార్/మేడం, రాత్రి పదకొండున్నరకు మా పేజీ ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్. "మా ఇంట్లో నన్ను కొడుతున్నారు, ఎవరికీ చెప్పకండి" అని. ప్రొఫైల్ చూస్తే పన్నెండు, పదమూడేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. మేం పొద్దున చూశాం. నాకు చేతులు ఆడలేదు, ఒకటే టెన్షన్. ఏం చేసి ఉండాల్సింది?
— పేజీ అడ్మిన్

పిల్లల సంస్థ పేజీ అని బోర్డు పెట్టాక పిల్లలు తలుపు కొడతారు. మీరు దాతల కోసమే పెట్టామనుకున్నా, వాడికి అది తెలియదు. ఈ ఒక్క కారణంతోనైనా ఇన్‌బాక్స్‌కు మనిషి లేని పేజీ ఉండకూడదంటాను.

ముందు, పడుకున్నప్పుడు కూడా పనిచేసే ఏర్పాటు. పేజీకి ఆటోమేటిక్ రిప్లై పెట్టండి. "ఈ ఇన్‌బాక్స్ రాత్రిపూట ఎవరూ చూడరు. నువ్వు ప్రమాదంలో ఉంటే ఈ నంబర్‌కు ఇప్పుడే ఫోన్ చేయి" అని, మీ దేశంలో పనిచేసే చైల్డ్ హెల్ప్‌లైన్, అత్యవసర నంబర్లు రాయండి. అదే పోస్టును పేజీలో పైన పిన్ చేయండి. పిల్లలకు అర్థమయ్యే మాటల్లో, రెండు మూడు వాక్యాల్లో.

మెసేజ్ చూశాక ఆలస్యం చేయకండి. "చెప్పి మంచిపని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అనండి. ఇప్పుడు క్షేమంగా ఉన్నాడా, ఎక్కడున్నాడు, మీరు జవాబిస్తే ఇంట్లో ఎవరైనా ఆ ఫోన్ చూస్తారా, ఇవి అడగండి. అంతవరకే. ఎవరు కొట్టారు, ఎన్నిసార్లు, దేనితో అని తవ్వకండి. అది శిక్షణ ఉన్నవాళ్ల పని. మీరు అడిగే తీరును బట్టి వాడి జవాబు మారిపోతుంది, తర్వాత కేసుకే చిక్కవుతుంది. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. "నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో ముందు నీకు చెబుతాను" అనండి. ఆ మాట నిలబెట్టుకోండి. వెంటనే మీ సంస్థలో పిల్లల రక్షణ బాధ్యత ఉన్న మనిషికి, వాళ్ల ద్వారా చట్టం చెప్పిన అధికారులకు కబురు వెళ్లాలి. సంభాషణ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో "చూడండి పాపం" అని పెట్టడం ఘోరం, చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

మీ సొంత అకౌంట్ నుంచి ఆ పిల్లాడితో మాట్లాడకండి, మీ నంబర్ ఇవ్వకండి. మీ మీద అనుమానంతో కాదు. పెద్దవాళ్లు పిల్లలతో చాటుగా మాట్లాడే దారి ఏ సంస్థలోనూ ఉండకూడదు, అది మంచివాళ్ల కోసం తెరిచినా సరే. పేజీ ఇన్‌బాక్స్ ఎప్పుడూ ఇద్దరికి కనబడాలి.

ఇక మీ సంగతి. పొద్దున చూశారు, చూశాక ఏం చేశారో రాయలేదు. ఇంకా ఏమీ చేయకపోతే ఈ పత్రిక మూసి ఇప్పుడే ఫోన్ చేయండి.

మా హోమ్‌కు సాయం చేసే పెద్దమనిషి వచ్చినప్పుడల్లా పిల్లల్ని వరసగా నిలబెట్టి సెల్ఫీ తీసి, మమ్మల్ని ట్యాగ్ చేస్తారు. వద్దంటే విరాళం ఆగిపోతుందేమో!

ఆయన ఒక్కడికే వద్దంటే కోపం వస్తుంది, అందరికీ వద్దంటే అది నియమం. గేటు దగ్గర బోర్డు, లోపల రిజిస్టర్‌లో సంతకం, ఫోన్లు ఆఫీసులో. మంత్రిగారు వచ్చినా అంతే. బదులుగా ఆయనకు గుర్తుగా ఏదో ఒకటి ఇవ్వండి: ఆయన కట్టించిన గది ముందు మీ సిబ్బందితో ఫోటో, మీ పేజీలో ఆయన పేరుతో ధన్యవాదాలు. చాలామందికి అది చాలు. పెద్ద పెద్దవాళ్లే దారి మార్చుకున్నారు. బ్రిటన్‌లో విరాళాలు సేకరించే కామిక్ రిలీఫ్ సంస్థ సెలబ్రిటీలను ఆఫ్రికా పంపి పేద పిల్లలతో సినిమాలు తీసేది. రక్షకుడొచ్చాడన్నట్టు చూపిస్తున్నారని విమర్శలు పెరిగాక, ఇక అలా పంపబోమని 2020లో ప్రకటించింది. మీ పెద్దమనిషికి ఈ కబురు మాటల్లో మాటగా చెప్పి చూడండి. అప్పటికీ ముఖాలే కావాలంటే, ఆ డబ్బు లేకుండా హోమ్ ఎలా నడపాలో ట్రస్టీలు కూర్చుని లెక్క వేసుకోవాలి. తేలిక కాదని తెలుసు.

తప్పిపోయిన పిల్లల ఫోటోలు మాకు రోజూ ఫార్వర్డ్ అవుతాయి. మా పేజీలో పెట్టమని అడుగుతారు. పెట్టొచ్చా?

పోలీసులు గానీ అధికారిక సంస్థ గానీ ఇచ్చిన ప్రకటనైతే, వాళ్ల పోస్టునే షేర్ చేయండి. మీరు కొత్తగా తయారు చేయొద్దు. పిల్ల దొరికాక వాళ్లు తీసేస్తే మీ దగ్గరా పోతుంది. ఊరూ పేరూ లేని ఫార్వర్డ్ వద్దు. ఏళ్ల కిందట దొరికిన పిల్లలు ఇంకా "తప్పిపోతూనే" ఉన్నారు. ఇంకొకటి, హింసకు భయపడి తల్లితో పాటు పారిపోయి దాక్కున్న బిడ్డను వెతకడానికి కూడా కొందరు ఇలాంటి ఫోటోలు తిప్పుతారు.

మా హోమ్‌లో పదహారేళ్ల అమ్మాయి పేజీ తనే నడుపుతానంటోంది. బాగా రాస్తుంది, వీడియోలు కూడా ఎడిట్ చేస్తుంది.

చేయనివ్వండి. పరీక్షలకు ఎలా చదవాలి, లైబ్రరీలో ఏ పుస్తకం బాగుంది, దాతలు ఇచ్చే ఏ వస్తువులు నిజంగా పనికొస్తాయి, ఏవి మూలన పడతాయి, ఇలాంటివి ఆ అమ్మాయి మీకంటే బాగా రాస్తుంది. చివరిది తప్పకుండా రాయించండి, నేనూ చదువుతాను. తన కథ రాస్తానంటే ఇప్పుడు వద్దని చెప్పి, డైరీలో రాసుకోమనండి. పాస్‌వర్డ్, ఇన్‌బాక్స్ మాత్రం ఇవ్వకండి. పన్నెండేళ్ల పిల్లాడి మెసేజ్ చదివి ఏం చేయాలో తేల్చుకోవాల్సిన భారం పదహారేళ్ల పిల్ల మీద పెట్టకూడదు.

యూట్యూబ్‌లో మా పిల్లల డాన్స్ వీడియో కింద కామెంట్లు రావడం లేదు. సెట్టింగ్ ఎక్కడ ఉంది?

సెట్టింగ్ వెతకకండి. చిన్నపిల్లలు కనబడే వీడియోల కింద కొందరు పెద్దవాళ్లు వెకిలి రాతలు రాస్తున్నారని బయటపడ్డాక, 2019 ఫిబ్రవరిలో యూట్యూబ్ అలాంటి చాలా వీడియోలకు కామెంట్లు మూసేసింది. ఆ వీడియోను ప్రైవేట్ చేయండి, లేదా తీసేయండి.

పేజీ పెట్టిన వాలంటీర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది, ఫోన్ ఎత్తడం లేదు.
— ఒక ట్రస్టీ

మీకు వచ్చిన కష్టం చాలా సంస్థలకు వచ్చిందే. ముందు అతని ఇంటికి ఎవరినైనా పంపండి, గొడవకు కాదు, మంచిగా. చాలాసార్లు అంతే సరిపోతుంది. కుదరకపోతే సంస్థ రిజిస్ట్రేషన్ పత్రాలతో ఆ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి, దానికి ఓపిక కావాలి. పేజీ తిరిగి చేతికొచ్చాక సంస్థ మెయిల్‌తో, సంస్థ ఫోన్ నంబర్‌తో ఇద్దరు అడ్మిన్లను పెట్టండి, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) ఆన్ చేయండి. వాలంటీర్ వెళ్లే రోజు గది తాళంచెవి తీసుకుంటారు కదా, ఆ రిజిస్టర్‌లోనే పేజీ యాక్సెస్ తీసేసినట్టు కూడా రాయించండి. అతని ఫోన్‌లో ఉండిపోయిన పిల్లల ఫోటోల సంగతీ అప్పుడే అడగండి.